తట్టు టీకాను పుట్టగానే వేయకుండా 9 నెలల దాకా ఎందుకు ఆపుతారు?

తల్లి నుంచి బిడ్డకు వచ్చిన ప్రతిరక్షకాలు (రోగక్రిములను ఎదిరించే యాంటీబాడీలు) తట్టు టీకాలోని బలహీనపరచిన వైరస్‌ను అణచివేస్తాయి కనుక, అవి బాగా తగ్గే వయసు దాకా ఆ టీకాను ఆపుతారు. గర్భం చివరి నెలల్లో మాయ గుండా చేరే ఈ ప్రతిరక్షకాలు అరువు సొమ్ము వంటివి. బిడ్డ ఒంట్లో తయారైనవి కావు కనుక నెలనెలా తరిగిపోతాయి. అవి నిండుగా ఉన్నప్పుడు టీకా వేస్తే, అందులోని వైరస్ వృద్ధి చెందకముందే అణగిపోతుంది, బిడ్డ శరీరానికి దానిని గుర్తుపట్టడం నేర్చుకునే అవకాశమే దక్కదు.

ఉదాహరణకు, కందుకూరులో జనవరిలో పుట్టిన బిడ్డ టీకా కార్డు చూస్తే, ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకా 6, 10, 14 వారాలకే ఉంటుంది. అందులో సజీవ క్రిమి లేదు కనుక ఈ అడ్డంకి అంతగా ఉండదు. తట్టు, రుబెల్లా టీకా మాత్రం అక్టోబరులో పడుతుంది, 16 నుంచి 24 నెలల మధ్య మళ్లీ వేస్తారు, ఎందుకంటే తొలి మోతాదు అందరికీ పట్టదు.

చనుబాలు తాగినంత కాలం తట్టు సోకదని చాలామంది నమ్ముతారు, కానీ అది నిజం కాదు. చనుబాలలోని ప్రతిరక్షకాలు ముఖ్యంగా నోటి, పేగుల లోపొరలను కాపాడతాయి (ఆ మేలు చిన్నదేమీ కాదు), అయితే అవి బిడ్డ రక్తంలోకి దాదాపు చేరవు.