ఎన్నారై సందేహాలు: జింక వేటకి చెట్టు మీద ఎంత ఎత్తున కూర్చోవాలి?

ప్రశ్న: ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటున్నాను. వచ్చి ఏడాదిన్నర అయింది. ఆఫీసులో ఒకాయన ఈ సీజన్‌కి విల్లుతో జింక వేటకి రమ్మంటున్నాడు. చెట్టుకి కట్టుకుని కూర్చునే ట్రీ స్టాండ్ నేనే కొనుక్కోవాలి. 15 అడుగులు చాలని ఒకరు, 30 అడుగులు ఎక్కితే తప్ప జింక పసిగడుతుందని ఇంకొకరు చెబుతున్నారు. ఎవరి మాట నమ్మను?

జవాబు: తమ్ముడూ, విల్లుతో వేటకి 16 నుంచి 20 అడుగులు. ఇది నీ కాళ్ల కింద ప్లాట్‌ఫారం ఎత్తు, తల ఎత్తు కాదు. అలాగని ఆ అంకె పట్టుకుని షాపుకి పరిగెత్తకు. ఏ చెట్టుకి ఆ అంకె ఎందుకు మారుతుందో తెలియక నేను మొదటి రెండు సీజన్లూ, వెయ్యి డాలర్లకి పైగానూ పోగొట్టుకున్నాను. ఆ తప్పులే వరసగా చెబుతాను. నీ డబ్బు మిగులుతుంది.

ట్రీ స్టాండ్ అంటే మన జొన్నచేలో మంచె లాంటిదే. కాకపోతే మంచె మీద మనిషి పిట్టలకి కనబడాలి, కేకలెయ్యాలి, వడిసెల తిప్పాలి. ఇక్కడ అసలు కనబడకూడదు. అందుకే కొత్తవాళ్లంతా ఎంత పైకెక్కితే అంత క్షేమం అనుకుంటారు. నేనూ అలాగే 28 అడుగులు ఎక్కాను, అదే నా మొదటి తప్పు. ఆ ఎత్తులో ఏమవుతుందో లెక్క చూడు.

జింక చెట్టుకి పది గజాల్లో ఉందనుకో. 20 అడుగుల మీద నిలబడితే నీ విల్లు 25 అడుగుల దగ్గర ఉంటుంది. జింక ఛాతీ నేలకి రెండున్నర అడుగుల పైన. బాణం 37 డిగ్రీల వాలులో దిగుతుంది. 28 అడుగుల నుంచి అదే బాణం 45 డిగ్రీలు దాటిపోతుంది. పక్క నుంచి చూస్తే రెండు ఊపిరితిత్తులూ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, ఒక్క బాణం రెండింటినీ దాటుతుంది. పై నుంచి చూస్తే అవి పక్కపక్కన పడతాయి. బాణం ఒక్కదానికే తగులుతుంది. ఒక్క ఊపిరితిత్తి దెబ్బతిన్న జింక చాలా దూరం పోగలదు. పైగా బాణం కింది వైపు నుంచి బయటికి రాకపోతే నెత్తురు లోపలే నిలిచిపోతుంది, నేల మీద జాడ దొరకదు. జంతువుని గాయపరిచి పోగొట్టుకోవడం కంటే వేటలో పెద్ద తప్పు లేదు.

కాబట్టి బాణం ఎక్కడ తగలాలని కాదు, అవతలి పక్కన ఎక్కడ బయటికి రావాలని చూసి గురిపెట్టు. అవతలి ముందుకాలికి కాస్త వెనకగా, ఛాతీ కింది మూడో వంతులో రావాలి. ఎత్తు పెరిగేకొద్దీ బాణం దిగే చోటు ఇవతలి పక్కన పైకి జరుగుతుంది. విల్లు ముందు సమంగా లాగి, తరవాత నడుం దగ్గర వంగు. చేతులు మాత్రమే కిందికి దించితే భుజాల వరస చెడి బాణం పైనుంచి పోతుంది. దీన్ని నేల మీద ఎంత సాధన చేసినా రాదు. స్టాండ్ ఎక్కే అలవాటు చేసుకోవాలి. ఇక దూరంతోపాటు కోణం కూడా లెక్కగట్టే ఖరీదైన రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం) ఈ ఎత్తులకి అక్కర్లేదు. 20 అడుగుల మీద నుంచి 20 గజాల జింకకి, నేల మీది దూరానికీ వాలుగా కొలిచిన దూరానికీ తేడా గజంన్నర లోపే. ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో తరవాత చెబుతాను.

రెండో తప్పు, ఎత్తుని టేపుతో కొలవడం. ఎత్తుని నిర్ణయించేది టేపు కాదు, నీ వెనకాల ఉన్న మరుగు. చెట్టెక్కే ముందు జింక నడిచే దారి మీదకి వెళ్లి, మూడున్నర అడుగులకి వంగి, దాని కళ్లతో చెట్టుని చూడు. ఏ ఎత్తున మానుకి కొమ్మల చీలిక ఉంది, ఏ ఎత్తు దాటాక వెనక ఖాళీ ఆకాశం కనిపిస్తోంది? ఆకాశం ముందు కూర్చున్నవాడు 30 అడుగుల మీద ఉన్నా జింక తల ఎత్తగానే దొరికిపోతాడు. రెండు మానుల చీలికలో 14 అడుగులకే కూర్చున్నవాడు దొరకడు. అక్టోబరు మొదట్లో ఆకుల్లో దాగిన స్టాండ్ నవంబరు మధ్యకి బోసిపోతుంది. ఓక్, బీచ్ చెట్లు ఎండుటాకుల్ని చాలాకాలం వదలవు, వాటిని వెతుక్కో. ఇంకో సంగతి, ఎత్తు పెరిగితే కింది కొమ్మలు బాణం దారికి అడ్డొస్తాయి. పై నుంచి జింక కనబడుతుంది గానీ సందు దొరకదు.

ఎత్తులో ఉంటే వాసన తగలదనే మాట నమ్మకు. పొద్దున నేల వేడెక్కుతుంటే గాలి పైకి లేస్తుంది, నీ వాసన దానితో పోతుంది. సాయంత్రం చల్లబడ్డ గాలి వాలు వెంట కిందికి జారుతుంది, పల్లంలో ఉన్న జింక ముక్కుకి నేరుగా చేరుతుంది.

మూడోది వాలు. ఒహాయో తూర్పు, ఆగ్నేయ భాగాలు చాలావరకు గుట్టలే. అయిదడుగులకి ఒక అడుగు లేచే వాలు మీద, చెట్టుకి ఎగువన 20 గజాల్లో జింక దారి ఉందనుకో. ఆ దారి నీ చెట్టు మొదలు కంటే 12 అడుగుల ఎత్తున ఉంటుంది. నువ్వు 20 అడుగులు ఎక్కినా దానికి ఎనిమిది అడుగుల పైనే కూర్చున్నట్టు. అలాంటిచోట ఇంకా పైకెక్కకు, దారికి ఎగువ పక్కనున్న చెట్టు చూసుకో.

చెట్టు బతికున్నది, నిటారుది, మధ్యలో పుచ్చు లేనిది కావాలి. ఆష్ చెట్టుని ముట్టుకోకు. 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడిన ఆకుపచ్చ పురుగు ఎమరాల్డ్ ఆష్ బోరర్ ఈ ప్రాంతంలో ఆష్ చెట్లని తినేసింది. నిలబడి ఉన్నట్టే ఉంటాయి, లోపల పెళుసు. షాగ్‌బార్క్ హికరీకి బెరడు పొరలుగా లేస్తుంది, పట్టీ జారుతుంది.

మానుకి కట్టి మెట్లలా ఎక్కే 32 అంగుళాల క్లైంబింగ్ స్టిక్స్ నాలుగు, నేలకీ మొదటిదానికీ మధ్య, తరవాత ఒక్కోదానికీ మధ్య 20 అంగుళాల ఎడంతో బిగిస్తే 17 అడుగులు వస్తుంది. నీకు అంతే చాలు, అయిదోది కొనకు. పై స్టిక్ ప్లాట్‌ఫారం కంటే ఎత్తుగా ఉండాలి. స్టాండ్ మీదకి కాలు కిందికి దించి దిగాలి తప్ప పైకి ఎగబాకకూడదు. జనం పడిపోయేది ఎక్కువగా అక్కడే, స్టిక్‌కీ స్టాండ్‌కీ మధ్య.

ఇప్పుడు అసలు ఖర్చు. మన ఊళ్లో గీత కార్మికుడు మోకు లేకుండా తాటిచెట్టు ఎక్కడు. అది ఉన్నా పడిపోతున్నారనే తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య పేరుతో వాళ్లకి సేఫ్టీ కిట్లు ఇచ్చింది. నువ్వేమో ఐటీ ఉద్యోగివి, చెట్టు కొత్త. పూర్తి శరీరానికి తొడిగే హార్నెస్ స్టాండ్‌తో పాటే వస్తుంది, తొడుక్కో. కడుతున్నప్పుడు మోకులాగే మాను చుట్టూ తిరిగే లైన్‌మన్ బెల్టు వాడు. మొదలు నుంచి పై దాకా కట్టే లైఫ్‌లైన్ తాడు 30-40 డాలర్లు. దానికున్న ప్రూసిక్ ముడి నీతోపాటు జరుగుతుంది, బరువు పడగానే బిగుసుకుంటుంది. కూర్చున్నప్పుడు తాడు వదులుగా ఉండకూడదు. పడితే తొడల పట్టీలు నెత్తురుని ఆపుతాయి, అందుకని కాలు పెట్టి నిలబడే పట్టీ దగ్గరుంచుకో. ఫోను బ్యాగులో కాదు, ఛాతీ జేబులో. విల్లు చేత్తో పట్టుకుని ఎక్కకు, పైకెక్కాక తాడుతో లాక్కో.

ఈ 40 డాలర్ల దగ్గర లెక్క చూసుకునేవాళ్లని చూస్తే నాకు భయం. నడుం విరిగితే హెలికాప్టరు, ఆపరేషను, ఫిజియోథెరపీ. ఇన్సూరెన్సు ఉన్నా ముందు డిడక్టిబుల్ నీ జేబులోంచే పోవాలి. మంచం పట్టి ఉద్యోగం పోతే హెచ్1బీ వీసా వాడికి వేరే ఉద్యోగం చూసుకోవడానికి 60 రోజులే గడువు. ఇంటికి పంపే డబ్బు, కారు వాయిదా, అద్దె, అన్నీ ఆ ఒక్క పట్టీకి వేలాడుతున్నాయి. పదిహేను సీజన్లుగా ఎక్కుతున్నాను, ఒక్కసారీ పడలేదు. కారణం ఆ తాడు. పాత స్టాండ్ చవగ్గా దొరికిందని కొనకు. నేను కొన్నదానికి పట్టీలు ఎండకి చివికిపోయి, కేబుల్‌కి తుప్పు పట్టి ఉంది. బాగు చేయించేసరికి కొత్తదాని ఖరీదు అయింది.

రూల్సు నువ్వే చూసుకోగలవు: హంటర్ ఎడ్యుకేషన్, లైసెన్సు, భూమి యజమాని రాతపూర్వక అనుమతి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. హెచ్1బీ మీద ఉన్నవాడు చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. విల్లుకి ఆ చిక్కు లేదు.

సీజన్ అయ్యాక స్టాండ్ దించెయ్. వదిలేస్తే వేసవిలో మాను లావెక్కి పట్టీని తెంపుతుంది, ఉడతలు కొరుకుతాయి. వచ్చే సెప్టెంబరులో ఎక్కే ముందు పట్టీలు కొత్తవి వెయ్. హార్నెస్ మీద తయారీ తేదీ ఉంటుంది, అయిదేళ్లు దాటితే అది పారేసి కొత్తది కొను.