డియో పాటలు పాడబోతున్న అల్లుడికి

అల్లుడూ,

మే 16న రోనీ జేమ్స్ డియో (హెవీ మెటల్ అనే గిటార్ల హోరు రాక్ సంగీతంలో పేరున్న అమెరికా గాయకుడు) వర్ధంతికి మన విజయనగరంలో మీ కుర్రాళ్లంతా కచేరీ పెడుతున్నారని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! పెళ్లిళ్లలో, పైడితల్లి పండక్కి ఆర్కెస్ట్రాల్లో పాడుతూ బతికినవాణ్ని. ఆయన గొంతంటే నాకు ప్రాణం. అందుకే నువ్వు అడక్కపోయినా రాస్తున్నాను.

ఆయన గొంతును అనుకరించకు. ఆ ఊపిరి పట్టు నేర్చుకో. డియో చిన్నప్పుడు ట్రంపెట్, ఫ్రెంచ్ హార్న్ వాయించాడు. పాట ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఊపిరి వాడుకోవడం ఆ వాద్యాల వల్లే అబ్బిందని ఆయనే చెప్పేవాడు. ఈసారి పెళ్లికెళ్తే సన్నాయి వాయించేవాళ్ల పక్కన కూర్చుని చూడు, ఊపిరికి ఎంత పని చెబుతారో తెలుస్తుంది. ఇంటికొచ్చి వెల్లకిలా పడుకుని పొట్ట మీద చెయ్యి పెట్టుకో. గాలి పీలిస్తే చెయ్యి లేవాలి, భుజాలు కదలకూడదు. తర్వాత ‘స్‌...’ అంటూ సన్నగా, ఒకే తీరుగా వదులు. మధ్యలో వణికిందంటే పట్టు ఇంకా రాలేదన్నమాట. ఇది కుదరకుండా పై స్థాయికి పోతే రెండో పాటకే గొంతు బొంగురుపోతుంది.

శ్రుతి నీ గొంతుకు సరిపోయేలా పెట్టుకో. గిటార్లు హాఫ్ స్టెప్, అంటే అర స్వరం, దించి ట్యూన్ చేయమను. ఒరిజినల్ శ్రుతిలోనే పాడాలని ఎవరైనా పట్టుబడితే ఒప్పుకోకు.

ఇక మాట. నా దృష్టిలో డియో గొప్పతనమంతా ఇక్కడే ఉంది. 1983 నాటి ఆయన పాట ‘హోలీ డైవర్’ మళ్లీ విను. అంత గిటార్ల హోరులోనూ ఒక్క మాట మింగలేదు. నువ్వు ముందు రాగం లేకుండా పాటను పైకి చదువు. ప్రతి మాటకూ అర్థం తెలియాలి, చివరి అక్షరం వినపడాలి. మైకు తలను గుప్పిట్లో మూసి పట్టుకోకు. చూడ్డానికి స్టైల్‌గా ఉంటుంది గానీ మాట ముద్దయిపోతుంది, కుయ్యిమని అరుపూ వస్తుంది.

స్టేజి మీద డియోలా చూపుడు వేలు, చిటికెన వేలు ఎత్తి చూపిస్తే మన పెద్దవాళ్లు అదేదో దెయ్యాల గుర్తు అనుకుంటారు. ఇటలీ మూలాలున్న వాళ్ల బామ్మ దిష్టి తగలకుండా ఆ గుర్తు పెట్టేదని, ఆవిడని చూసే తనకు అలవాటైందని డియో చెప్పాడు. ఆ ముక్క స్టేజి మీద చెప్పు, ముందు వరసలో మామ్మలు కూడా చేతులెత్తుతారు. రెయిన్‌బో, బ్లాక్ సబ్బాత్ బ్యాండ్లలో పాడిన సంగతి ఒక్క మాటలో చాలు. ఆఫ్రికా కరువు బాధితుల కోసం 1985లో మెటల్ సంగీతకారులను చాలామందిని కూడగట్టి పాట రికార్డు చేయించాడే, అది మాత్రం తీరిగ్గా చెప్పు. 2010లో, 67 ఏళ్లకే, కడుపు క్యాన్సర్‌తో పోయాడు. అలాంటి మనిషిని వట్టి కేకల గాయకుడని ఎవరూ అనుకోకూడదు.

మే ఉక్కపోత కదా, పొద్దుటి నుంచీ నీళ్లు తాగుతూనే ఉండు, ఫ్రిజ్‌వి వద్దు. ముందు రోజు పూర్తి గొంతుతో పాడకు. కష్టమైన పాట మూడోదిగా పెట్టుకో, అప్పటికి గొంతు వేడెక్కి ఉంటుంది.

రిహార్సల్ ఎప్పుడో చెప్పు. హాల్లో ఆఖరి వరసలో కూర్చుని, మాటలు అక్కడిదాకా వస్తున్నాయో లేదో చూస్తాను.

మీ మావయ్య