ఒకసారికి ఒక్క మూలికే

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటో చూశాను. బ్రాహ్మి, అశ్వగంధ, శంఖపుష్పి, జటామాంసి, వస. అయిదు డబ్బాలూ వరసగా పేర్చి, "ధ్యానం కుదరడం లేదు మామయ్యా, వీటిని ఎంతెంత కలుపుకోవాలి?" అని అడిగావు. ఏదీ కలపొద్దు. ముందు అన్నిటికీ మూతలు బిగించి పక్కన పెట్టు.

నిన్నేం తప్పుపట్టడం లేదు. నీ వయసులో నేనూ ఇదే వేషం వేశాను. సిద్ధులు, అంటే యోగశక్తులు, వచ్చే దారుల్లో పతంజలి తన యోగసూత్రాల్లో ఔషధిని కూడా చెప్పాడని ఎవరో అంటే, ఆ ఒక్క మాట పట్టుకుని వేలాడాను. అదే సూత్రంలో తపస్సు, సమాధి కూడా ఉన్నాయన్నది నా చెవికెక్కలేదు. తెల్లవారుజామున లేచి, చెంచాడు అశ్వగంధ చూర్ణం పాలల్లో కలుపుకుని తాగి కూర్చునేవాణ్ణి. కొన్నాళ్ళకి ధ్యానం బ్రహ్మాండంగా కుదిరిపోయింది. గంట ఎలా గడిచిందో తెలిసేది కాదు, ఒళ్ళు గాల్లో తేలిపోయేది. ఒకరోజు మీ అత్తయ్య గుమ్మంలో నిలబడి, "సమాధిలో గురక కూడా వస్తుందా?" అంది.

పాపం అశ్వగంధ తన పని తాను చేసింది. దాని శాస్త్రీయ నామం విథానియా సోమ్నిఫెరా. ఆ రెండో మాటకి అర్థమే నిద్ర తెచ్చేదని. నిద్రపుచ్చే వేరు తిని మెలకువగా కూర్చోవాలనుకోవడం నా తెలివి.

అందుకే చెబుతున్నా, నీకు అడ్డొస్తున్నదేమిటో ముందు తేల్చుకో. కళ్ళు మూయగానే తూగొస్తోందా? లేక మనసు ఆఫీసు నుంచి ఇంటికి, ఇంటి నుంచి ఎప్పటిదో గొడవకి గెంతుతోందా? పాతవాళ్ళు మొదటిదాన్ని లయం అన్నారు, రెండోదాన్ని విక్షేపం అన్నారు. విక్షేపాన్ని అణిచేది లయాన్ని పెంచొచ్చు. రెండు వారాలపాటు ఏ మూలికా లేకుండా కూర్చో. లేచాక నోట్‌బుక్‌లో ఒక్క లైను రాయి: ఎంతసేపు కూర్చున్నావు, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు, తిని ఎంతసేపైంది, కాఫీ ఎన్నిసార్లు తాగావు. చాలామందికి ఆ పుస్తకంలోనే దొంగ దొరుకుతాడు. రోజూ అయిదు గంటలే పడుకునేవాళ్ళకి కావలసింది బ్రాహ్మి కాదు, ఇంకో రెండు గంటల దిండు.

అప్పటికీ ఏదైనా వాడాలనిపిస్తే, ఒక్కటి చాలు. నన్నడిగితే బ్రాహ్మి. అయితే ఇక్కడో చిక్కుంది. బ్రాహ్మి పేరుతో రెండు మొక్కలు అమ్ముడవుతాయి. ఒకటి చెమ్మనేలలో పాకే బకోపా. చిన్న చిన్న మందపాటి ఆకులు, కాడ ఉందా లేదా అన్నట్టు ఎదురెదురుగా ఉంటాయి. పువ్వు తెలుపో, లేత ఊదాయో. ఆకు నమిలితే ఆ చేదు నీళ్ళు తాగినా నాలుక వెనక నుంచి కదలదు. రెండోది మనం సరస్వతి ఆకు అనేది, అంటే మండూకపర్ణి. గుండ్రటి ఆకు, అంచుకి గంట్లు, కాడ అంటుకునే చోట వేలితో లోపలికి నొక్కినట్టు ఉంటుంది. చరక సంహితలో మేధ్య రసాయనాలని, అంటే బుద్ధికి బలమిచ్చే మందులని, నాలుగు చెప్పారు: మండూకపర్ణి రసం, పాలతో అతిమధురం చూర్ణం, తిప్పతీగ రసం, శంఖపుష్పి ముద్ద. చూశావా, మనం ఇంత మోసే బకోపా ఆ నాలుగింటిలో లేదు. అలాగని అది పనికిరాదని కాదు. రెండూ మంచివే, కానీ రెండూ ఒకటి కావు. ఒకసారి నేను బ్రాహ్మి అని తెచ్చుకున్న పొడిని నెలంతా వాడాక, ఇంత చప్పగా ఉందేమిటా అని అనుమానం వచ్చి అడిగితే, అది సరస్వతి ఆకు పొడి అని తేలింది.

శంఖపుష్పి సంగతి ఇంకా ఘోరం. మనకి శంఖపుష్పం అంటే నీలి పువ్వుల తీగ. వేరే చోట్ల వైద్యులు ఆ పేరుతో కన్వాల్వులస్ జాతి మొక్కని వాడతారు, ఇంకొందరు విష్ణుక్రాంతాన్ని వాడతారు. అందుకని డబ్బా మీద ముందు వైపు పేరు కాదు, వెనక చిన్న అక్షరాల్లో ఉండే శాస్త్రీయ నామం చదువు. అది లేని డబ్బా కొనకు.

బకోపా మీద జరిగిన పరీక్షల్లో ఎక్కువగా రోజుకి 300 మిల్లీగ్రాముల సారాన్ని 12 వారాలపాటు ఇచ్చి చూశారు. కాస్తో కూస్తో కనబడిన ఫలితం కూడా జ్ఞాపకశక్తిలోనే. కాబట్టి పొద్దున వేసుకుని సాయంత్రం మనసు తేటపడిందా అని చూసుకోకు. ఇంకో మాట, సారం (ఎక్స్‌ట్రాక్ట్) వేరు, చూర్ణం వేరు. ఒకదాని లెక్క రెండోదానికి వెయ్యకు. ఖాళీ కడుపుతో తీసుకుంటే కొందరికి వికారం, విరేచనాలు అవుతాయి. తిన్నాక తీసుకో. ధ్యానానికి ముందే పడాలన్న నియమం ఏమీ లేదు, కూర్చునే వేళకీ దానికీ ముడిపెట్టకు.

మిగతా డబ్బాల మాట. నువ్వు థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నావు కదా, అశ్వగంధ జోలికి వెళ్ళకు. అది థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు. కాలేయం దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయి. అరుదే, కానీ ఉన్నాయి. గర్భిణులకి అసలే వద్దు. నిద్రమాత్రలు వాడేవాళ్ళు దాన్ని పైన వేసుకుంటే మత్తు పెరగొచ్చు. వసని సొంతంగా మింగకు. అందులోని బీటా అసరోన్ అనే రసాయనం కారణంగా అమెరికాలో 1968లోనే ఆహారంలో దాన్ని నిషేధించారు. జటామాంసి మంచిదే, కానీ హిమాలయాల్లో తవ్వి తవ్వి ఆ మొక్కని అంతరించే దశకి తెచ్చారు. నాకైతే కొనబుద్ధి కాదు. ఇక శంఖపుష్పి. నీ స్నేహితురాలు మూర్ఛకి ఫెనిటోయిన్ వాడుతోందన్నావు. శంఖపుష్పి కలిసిన సిరప్ ఆ మందు పనిని తగ్గించి ఫిట్స్ తెప్పించిన సంగతి వైద్యులు గమనించారు. నీ డబ్బా ఆమెకి మాత్రం ఇవ్వకు.

ఆన్‌లైన్‌లో దొరికేది కదా అని నమ్మకు. 2008లో అచ్చయిన ఒక పరిశీలనలో ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే, దాదాపు ఐదో వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనబడింది. భస్మాలు, అంటే లోహాలని కాల్చి చేసిన పొడులు, కలిపినవాటిలో ఇంకా ఎక్కువ. లోహాల పరీక్ష రిపోర్టు ఇచ్చేవాళ్ళ దగ్గర, ఒకే మూలిక ఉన్నది చూసి తీసుకో. నీ మాత్రల చీటీ చూపించి మీ డాక్టర్ని కూడా ఒక మాట అడుగు. "ఆకులే కదా" అని దాచిపెట్టకు.

ఇంకొకటి. నీది ఏకాగ్రత లోపం కాకుండా, వారాల తరబడి దిగులూ, దేనిమీదా మనసు పోకపోవడమూ అయితే, ఈ ఉత్తరం మడిచి పెట్టి ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళు. అక్కడ మూలికలతో కాలయాపన చేయకు.

బ్రాహ్మి మొదలుపెడితే మూడు నెలలకి ఆపి, ఓ నెల చూడు. నోట్‌బుక్‌లో తేడా ఏమీ కనబడకపోతే మళ్ళీ కొనకు. మొదటి రెండు వారాల పేజీలు ఫోటో తీసి పంపు. నిద్రపోయిన రోజులు దాచకుండా రాయి, అత్తయ్యకి చూపించనులే.

ఇట్లు,
మామయ్య