ఫోల్డర్ ఎంచుకోగానే చెప్పేయండి

ప్రశ్న: నేను రాసిన సాఫ్ట్‌వేర్‌లో ప్రాజెక్ట్ ఫోల్డర్ ఎంచుకుని, గంటసేపు పనిచేశాక సేవ్ నొక్కితే 'ఎర్రర్ 13' అని వస్తోందట. ఏం చేయాలి?

జవాబు: పాపం, ఆ గంట పని పోయినవాళ్ల టెన్షన్ ఊహించండి! ఇక్కడ 'ఎర్రర్ 13' అంటే ఆ ఫోల్డర్‌లో రాయడానికి అనుమతి (పర్మిషన్) లేదని. ఆ సంగతి ఫోల్డర్ ఎంచుకున్న క్షణంలోనే హెచ్చరించాలి. పర్మిషన్లు చదివి ఊరుకోకండి, విండోస్‌లో ఫోల్డర్‌కి 'రీడ్ ఓన్లీ' టిక్ ఉన్నా అందులో ఫైళ్లు రాయొచ్చు, అంచేత దాన్ని నమ్మలేం. ఒక చిన్న తాత్కాలిక ఫైల్ రాసి చూసి, వెంటనే తీసేయండి, అదే అసలు పరీక్ష. రాయలేకపోతే, '13' కాదు, "ఈ ఫోల్డర్‌లో సేవ్ చేయడానికి మీకు అనుమతి లేదు, వేరేది ఎంచుకోండి" అని ఫోల్డర్ పేరుతో సహా చూపించి, పక్కనే ఎంచుకునే బటన్ పెట్టండి. మధ్యలో పెన్‌డ్రైవ్ పీకేయొచ్చు, డిస్క్ నిండొచ్చు, కాబట్టి సేవ్ దగ్గర కూడా ఎర్రర్ పట్టుకుని, వేరే చోట దాచుకునే దారి ఇవ్వండి.