ఆ చేపకు లోకంలో ఉన్నది ఒక్క గుంటే

నీటి జీవులపై పాఠకుల ప్రశ్నలకు విశాఖపట్నం నుంచి ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలి జవాబులు

ప్రశ్న: ప్రపంచం మొత్తంలో ఒకే ఒక గుంటలో బతికే చేప అమెరికాలో ఉందని, దానికోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళారని మా మనవరాలు చెప్పింది. నిజమేనా? నాలుగు చేపలు పట్టి వేరే చెరువులో వదిలితే సరిపోయేది కదా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీ మనవరాలు చెప్పింది అక్షరాలా నిజమండీ. ఆ చేప పేరు డెవిల్స్ హోల్ పప్‌ఫిష్. నెవాడా ఎడారిలో యాష్ మెడోస్ దగ్గర, సున్నపురాతి కొండలో ఒక చీలిక ఉంది. బొర్రా గుహలు చూసినవారు కనుక సున్నపురాయిని నీళ్ళు ఎలా తొలుస్తాయో మీకు చెప్పనక్కర్లేదు. డైవర్లు ఆ చీలికలోకి 130 మీటర్లకు పైగా దిగినా అడుగు కనబడలేదు. అంత లోతున్నా చేపకు పనికివచ్చేది మాత్రం అంచున, నీటికి కాస్త దిగువనున్న రాతి అరుగే. పొడవు సుమారు 5 మీటర్లు, వెడల్పు మూడున్నర. నాచు పట్టేది దాని మీదే, చేప మేసేదీ గుడ్లు పెట్టేదీ దాని మీదే.

చేప అంగుళం పొడవుంటుంది. ఆయుష్షు ఏడాది. మగది నీలంగా మెరుస్తుంది. పొట్ట కింద ఉండవలసిన జత రెక్కలు దీనికి లేవు. నీటి వేడి ఎప్పుడూ 33 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది, అందులో ప్రాణవాయువు బహు తక్కువ. చలికాలంలో వారాల తరబడి ఆ నీటి మీద ఎండ పడదు. అప్పుడు చీలికలో వాలే గుడ్లగూబల రెట్ట కూడా అక్కడి ప్రాణులకు ఆధారమే. ఇన్ని ఇబ్బందుల మధ్య బతికే జీవిని తలచుకుంటే నాకు ఇప్పటికీ నమస్కరించాలనిపిస్తుంది.

ఇక కోర్టు సంగతి. 1952లో అధ్యక్షుడు ట్రూమన్ ఆ గుంటను డెత్ వ్యాలీ రక్షిత ప్రాంతంలో చేర్చారు. 1968లో, నాలుగు కిలోమీటర్ల దూరంలోని ఒక వ్యవసాయ క్షేత్రం బోర్లు వేసి నీరు తోడసాగింది. వీధిలో ఒకరు లోతుగా బోరు వేస్తే పక్కింటి నుయ్యి ఎండినట్టే, గుంటలో మట్టం తగ్గి అరుగు బయటపడసాగింది. గుడ్లు పెట్టే చోటే పోతే ఇక చేప ఎక్కడిది? 1976లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది: ఆ స్థలాన్ని కాపాడాలని నిర్ణయించిన రోజే, దానికి అవసరమైన నీటినీ ప్రభుత్వం కాపాడినట్టు లెక్క. గుంట గోడకు బిగించిన ఒక రాగి వాషర్ నుంచి 2.7 అడుగులకు మించి మట్టం పడిపోకూడదని తరువాత హద్దు పెట్టారు. చేపను కాపాడండి అని ఊరికే అనకుండా, నీళ్ళు ఇక్కడిదాకా ఉండాలి అని గీత గీశారే, అది నాకు ఎంతో నచ్చుతుంది. నీటికి గీత గీయని రక్షణ కాగితం మీదే ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను.

మీరన్న ఉపాయం వాళ్ళు ఎప్పుడో చేసి చూశారు. హూవర్ డ్యామ్ దగ్గర తొట్టి కట్టి వదిలితే, ఆ నీటిలో పెరిగినవి గుంటలోవాటికన్నా పెద్దవయ్యాయి. మరోచోట తొట్టిలోకి పక్క జాతి పప్‌ఫిష్ చొరబడి సంకరమైపోయాయి. పైగా నాలుగు చేపల సంతానమంటే నాలుగు తరాల్లోనే రక్తసంబంధం ముదిరిపోతుంది. అసలే ఆ జాతిలో అది ఎక్కువ.

అయినా తొట్టి వద్దనను. అరుగు కొలతలతో, అదే వేడితో సుమారు 3 లక్షల 80 వేల లీటర్ల తొట్టి ఒకటి యాష్ మెడోస్‌లో 2013 నుంచి ఉంది. ఆ ఏడాది వసంతంలో లెక్కపెడితే గుంటలో కనబడినవి 35 చేపలే. 2024 వసంతానికి 191 అయ్యాయి. ఆ డిసెంబరులోనూ 2025 ఫిబ్రవరిలోనూ ఎక్కడో వచ్చిన భూకంపాలకు గుంటలో అలలు లేచి, నాచునూ గుడ్లనూ అరుగు మీది నుంచి ఊడ్చేశాయి. మళ్ళీ 38కి పడిపోయాయి. అప్పుడు తొట్టిలోని చేపలను కొన్ని తెచ్చి గుంటలో కలిపారు. తొట్టి గుంటకు సాయమే కానీ గుంటకు బదులు కాదు. మీ మనవరాలికి ఈ మాట తప్పక చెప్పండి.

ప్రశ్న: దోమల కోసం మా నూతిలో వేసిన గంబూసియా చేపలు విపరీతంగా పెరిగాయి. కొన్నింటిని గోస్తనిలో వదలవచ్చా?
– ఒక గృహిణి, భీమునిపట్నం

జవాబు: దయచేసి వదలవద్దమ్మా. గంబూసియా మన చేప కాదు. 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు, దాని పుట్టిల్లు అమెరికా. అది దోమపిల్లలతో ఆగదు, ఇతర చేపల గుడ్లనూ పిల్లలనూ తినేస్తుంది. పైన చెప్పిన యాష్ మెడోస్ ఊటల్లోనే పూల్‌ఫిష్ అనే మరో చేప ఉండేది. బయటి నుంచి తెచ్చి వదిలిన జీవుల ధాటికి, 1940ల తరువాత అది మళ్ళీ కనబడలేదు. ఆ జీవుల్లో గంబూసియా ఒకటి.

మా విద్యార్థులతో గోస్తనిలో వల వేయించినప్పుడు పరిగెలు, మట్టగిడసలు, బొమ్మిడాయిలు పడేవి. ఆ పిల్లచేపలకు ఈ గండం తెచ్చిపెట్టకండి. నూతిలో ఉన్నవాటిని నూతిలోనే ఉండనివ్వండి. వానాకాలంలో నుయ్యి పొర్లి నీరు కాలువలో కలిసే అవకాశముంటే, పొర్లే చోట సన్నని జాలీ కట్టించండి. మరీ ఎక్కువైతే మీ మునిసిపాలిటీ మలేరియా విభాగం వారిని అడగండి, బయటి నీటిలో కలవని తొట్లకు వారికి అవి అవసరం కావచ్చు.