సాపు ప్రతి మీద వైట్నర్

విజయవాడ

చిరంజీవి తమ్ముడికి,

నీ కథ సాపు ప్రతి అందింది. కథ సంగతి విడిగా రాస్తాను, ముందు ఆ కాగితాల సంగతి. మూడో పేజీలో వైట్నర్ పెచ్చులు లేచి, మడత దగ్గర రాలిపోయాయి. పైన దిద్దిన మాటలూ వాటితోనే పోయాయి. అలాంటి ఖాళీ కనబడితే డీటీపీ చేసేవాళ్లు నీకు ఫోన్ చేసి అడగరు, తోచింది టైపు చేసేస్తారు.

చిత్తుప్రతిలో వైట్నర్ ముట్టుకోకు. నచ్చని మాట మీద ఒక్క అడ్డగీత చాలు. మర్నాడు చదివితే కొట్టేసిన మాటే నయమనిపించవచ్చు, అది కనబడుతూ ఉండాలి. మాట జారిపోతే హంసపాదు వేసి పైన రాసుకో. అమెరికాలో బెట్ నెస్మిత్ గ్రాహమ్ అనే సెక్రటరీ 1950లలో వైట్నర్‌ను తయారుచేసింది టైపు తప్పుల కోసం. అంటే ఒక అక్షరం, మహా అయితే ఒక మాట. వాక్యమే మారితే పేజీ తిరగరాయి.

వైట్నర్‌ను సీసాల్లో చిల్లరగా అమ్మడాన్ని కేంద్రం 2012లో నిషేధించింది, పిల్లలు మత్తుకోసం పీలుస్తున్నారని. పెన్ను రకం తీసుకో. మూత తియ్యకుండా లోపలి గోళీ గలగలమనేదాకా ఊపు. లేకపోతే తెల్లపొడి అడుగునే ఉండి, పలచటి ద్రావకం ఒక్కటే దిగుతుంది. మొదటి బొట్టు చిత్తుకాగితానికి వదిలేయి. అక్షరం మీద అద్దాలి, రుద్దకూడదు. బాల్ పెన్ను సిరా ఈ ద్రావకంలో కరుగుతుంది, రుద్దావంటే నీలం పైకి తేలి మచ్చ కడుతుంది. పూత పలచగా వెయ్యి, చాలకపోతే ఆరాక ఇంకోటి. మందంగా వేస్తే పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉంటుంది. దానిమీద పెన్ను పెడితే గుంట పడుతుంది, పిండి చేరి పెన్నూ మొరాయిస్తుంది. నీ పెచ్చులు రాలింది ఈ మందం వల్లే.

మన లిపితో ఇంకో చిక్కు. ఒత్తులు కిందికి దిగుతాయి, కింది వరుస గుళ్లు పైకి లేస్తాయి. ‘రాష్ట్రం’లో క్రావడి చెరపబోతే కింద ఉన్న ‘కి’ గుడి పోయి ‘క’లా మిగులుతుంది. అందుకే సాపు ప్రతి వరుస విడిచి వరుస రాయి. అయినా ఇరుకైతే బొట్టు చిత్తుకాగితం మీద వేసి, అగరొత్తి పుల్ల చివరతో తీసి పెట్టు. ఆరిందాకా రెండు నిమిషాలు ఓపిక పట్టు. దానిమీద బాల్ పెన్నుతో తేలిగ్గా రాయి. జెల్ సిరాను ఆ పూత పీల్చుకోదు, చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది.

పూర్తి మాటకైతే కరెక్షన్ టేపు మేలు. ఆరనక్కర్లేదు, వాసన ఉండదు. కాకపోతే ఒత్తి రాస్తే ఊడి వస్తుంది.

బెజవాడ ఎండలకు మూత వదులైతే ద్రావకం ఆవిరై లోపలిది చిక్కబడుతుంది. నీళ్లు కలపకు, అందులో కలవవు. కొత్తది కొనుక్కో, ఏలూరు రోడ్డులో స్టేషనరీ షాపులకు కొదవా? కిటికీ తీసి పెట్టుకుని వాడు. పొయ్యి దగ్గర మాత్రం అస్సలు వద్దు, అంటుకుంటుంది.

పేజీలు ఫోన్లో ఫొటో తీసి పంపేటట్టయితే నలుపు తెలుపు స్కాన్ పెట్టు. రంగు ఫొటోలో కాగితం పసుపుగా, దిద్దిన చోటు సున్నం కొట్టినట్టు కనబడతాయి.

కథతో పెట్టే హామీపత్రం మీద మాత్రం చుక్క కూడా పడనీయకు. ‘ఈ కథ నా స్వంతం, అనువాదమూ అనుకరణా కాదు’ అన్నచోట తెల్లమచ్చ ఉంటే ఎవరికైనా అనుమానమే. అక్కడ తప్పుపోతే అడ్డగీత కొట్టి, పక్కన సరిగ్గా రాసి పొట్టి సంతకం చెయ్యి. తేదీయే తప్పయితే ఇంకో కాగితం తీసుకో.

మూడో పేజీ తిరగరాసి, ఈసారి మడవకుండా పెద్ద కవర్లో పెట్టి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్న