పెయిర్ స్కేటింగ్‌లో జోడీ మారితే కెరీర్ మళ్లీ మొదటికి వస్తుందా?

చాలావరకు వస్తుంది. ఇది మంచు మీద ఒక పురుషుడు, ఒక మహిళ కలిసి చేసే ఫిగర్ స్కేటింగ్. ఒంటరిగా ఆడేవారి నైపుణ్యం వారి వెంటే ఉంటుంది. జంటగా ఆడేవారికి మాత్రం సగం నైపుణ్యం ఎదుటివారి చేతుల్లో ఉంటుంది. త్రో జంప్‌నే చూడండి. పురుషుడు విసిరితే మహిళ గాలిలో మూడు చుట్లు తిరిగి, వెనక్కి జారుతూ ఒంటికాలి మీద దిగాలి. ఆ చేతులు రెప్పపాటు ఆలస్యంగా వదిలినా ఆమె శరీరం ఒరిగిపోతుంది. కొత్త మనిషితో ఆ లయ కుదరాలంటే నెలలు చాలవు.

అయినా అది అసాధ్యం కాదని చూపినవారు అలియోనా సావ్చెంకో. యుక్రెయిన్‌లో పుట్టిన ఆమె 2003లో జర్మనీ వెళ్లి రాబిన్ జోల్కొవితో జత కట్టారు. ఐదు ప్రపంచ టైటిళ్లు, 2010, 2014 ఒలింపిక్స్‌లో కాంస్యాలు వచ్చాయి. ఒలింపిక్ స్వర్ణం మాత్రం రాలేదు. జోల్కొవి విరమించుకున్నాక, ముప్పై ఏళ్ల వయసులో ఫ్రాన్స్ స్కేటర్ బ్రూనో మాసోతో మళ్లీ మొదలుపెట్టారు. ఇక్కడ ఆటతో పాటు కాగితాలూ అడ్డుపడతాయి: మాసో జర్మనీ తరఫున ఆడేందుకు ఫ్రాన్స్ సమాఖ్య అనుమతి కోసం 2015 చివరి దాకా ఆగాల్సి వచ్చింది, ఒలింపిక్స్‌లో ఆడాలంటే మాసోకు జర్మన్ పౌరసత్వం కావాలి. అది 2017లో వచ్చింది.

2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో, మొదటి అంకమైన షార్ట్ ప్రోగ్రామ్‌లో మాసో మూడు చుట్ల సాల్కావ్ అనే జంప్‌ను రెండు చుట్లకే ముగించారు. నాలుగో స్థానం. మర్నాడు రెండో అంకమైన ఫ్రీ స్కేట్‌లో 159.31 పాయింట్ల ప్రపంచ రికార్డు! చైనా జోడీపై 0.43 తేడాతో స్వర్ణం గెలిచినప్పుడు సావ్చెంకోకు 34 ఏళ్లు, అది ఆమె ఐదో ఒలింపిక్స్. నా దృష్టిలో ఈ క్రీడలో ఇంతకు మించిన పునరారంభం లేదు.